మగపెళ్ళివారిని ఖైదు చేసిన సంగతి

మా ఆడపడుచు కార్నా పెళ్ళి ప్రకటన చర్చిలో ఆఖరిసారి చదివిన ఆదివారమే యుద్ధ ప్రకటన కూడా చదివారు. ముందు పాదిరిగారు, హోలరూద్ బెంగ్టా కూతురు కార్నాకూ, ఆస్పహుల్ట్ గుమ్మె కొడుకు హోకన్‌కూ పెళ్ళి నిశ్చయమైంది, అభ్యంతరం ఉన్నవాళ్ళు ఇప్పుడే చెప్పండి అన్నారు. ఎవరూ చెప్పలేదు. ఆయన ఇంకో కాగితం విప్పి, కళ్ళద్దాలు తుడుచుకుని, మన డెన్మార్క్ రాజుగారు స్వీడన్ రాజు మీద యుద్ధానికి దిగారనీ, ఇవాళ్టి నుంచి వాగు అవతలివాళ్ళంతా మనకు శత్రువులనీ చదివారు.

ఆస్పహుల్ట్ ఊరు వాగు అవతల ఉంది.

జనమంతా మా అత్తగారు బెంగ్టా వైపు చూశారు, మామగారు పోయాక ఇంటికి పెద్ద ఆవిడే. ఆవిడ ప్రార్థన పుస్తకం మూసి, శాలువా సర్దుకుని, లేచి బయటికి నడిచింది. గుమ్మం దాటాక నాతో అంది: "అభ్యంతరం చెప్పడానికి మూడు ఆదివారాలు గడువిచ్చాం కదే సిగ్రిడ్. అప్పుడు రాజుగారు నోరు మెదపలేదు. ఇప్పుడు చెబితే చెల్లదు."

నేను పుట్టింది అవతలి ఒడ్డున. గుమ్మె మా నాన్న, హోకన్ మా తమ్ముడు. మాది కుండమార్పిడి. కొన్నేళ్ళ కిందట నేను వాగు దాటి బెంగ్టా కొడుకు ట్రూల్స్‌ను చేసుకుని ఈ ఇంటికొచ్చాను. ఇప్పుడు ట్రూల్స్ చెల్లెలు వాగు దాటి మా పుట్టింటికి కోడలుగా వెళ్ళాలి. అవతలివాళ్ళు మాటను చివర్లో సాగదీస్తారు, ఇవతలివాళ్ళు మింగేస్తారు. రెండు రాజ్యాల మధ్య అంతకు మించిన తేడా నాకెప్పుడూ కనిపించలేదు.

ఆ వారంలోనే రెండు ఊళ్ళ పెద్దలూ రేవు దగ్గర మోకాలిలోతు నీళ్ళలో నిలబడి చేతులు కలుపుకున్నారు. ఇది తాతల నాటి నుంచీ ఉన్న అలవాటే. రాజులు ఎప్పుడు కొట్లాడుకున్నా మేం మీ గడ్డివాములకు నిప్పు పెట్టం, మీరు మా ఎద్దులను తోలుకుపోకండి. మీ సైన్యం వస్తుంటే మీరు కబురు చెయ్యండి, మా సైన్యం కదిలితే మేం చెబుతాం. అవతలి ఎద్దులు ఇవతలి సంతల్లో అమ్ముడుపోవాలి. ఇవతలి సముద్రపు రేవుల్లో దిగిన ఉప్పూ, హెర్రింగు చేపా అవతలి ఇళ్ళకు చేరాలి. "రాజుకు ఉప్పు లేకుండా నడుస్తుందేమో గానీ నాకు నడవదు" అన్నాడు మా నాన్న. దానితో ఒప్పందం అయిపోయింది. పెళ్ళి ముహూర్తం కూడా మార్చలేదు. పంటలు ఇంటికొచ్చాక వచ్చే ఆదివారమే.

కానీ కోతలకు ముందే మా ఊరికి సైన్యం వచ్చింది. మన సైన్యమే. దాని కెప్టెన్ ఎక్‌హోఫ్ మా ఇంట్లో దిగాడు. జర్మన్ దేశాల నుంచి జీతానికి వచ్చినవాడు, యాభై దాటిన మనిషి, ఎడమ మోకాలు వంగదు. మా భాష బైబిలు చదివి నేర్చుకున్నాడట, అందుకని పాదిరిలాగా మాట్లాడేవాడు. మొదటి రోజే మా అత్తగారితో, "అమ్మా, మీ గృహమందు నాకు కొంచెము స్థలమును, కొంచెము పులుసును దయచేయుడి" అన్నాడు. ఆవిడ ముఖం తిప్పుకుని నవ్వు ఆపుకుంది. ఆయన కింద సార్జంటు క్రూసె అనేవాడు ఉండేవాడు. వాడికి బైబిలూ రాదు, నవ్వూ రాదు.

వచ్చీ రాగానే వాగు దాటితే ఉరి అని దండోరా వేయించారు. శత్రువు రాకుండా అడవిదారికి అడ్డంగా చెట్లు నరికి పడెయ్యమన్నారు. మావాళ్ళు గొడ్డళ్ళు పట్టుకుని వెళ్ళేసరికి, అవతల నుంచి ఆస్పహుల్ట్ వాళ్ళు కూడా గొడ్డళ్ళతో ఎదురొచ్చారు. వాళ్ళ లెఫ్టినెంటు కూడా అదే హుకుం ఇచ్చాడట. ఎదురుబొదురుగా కూర్చుని అన్నాలు తిని, కలిసి నరికారు. పెద్ద రంపం మావాళ్ళది, దాన్ని లాగే బలం వాళ్ళది. పక్కన పొదల వెనక ఒక బండి పట్టేంత సందు మాత్రం వదిలారు. ఎందుకని ఎవరూ అడగలేదు.

కోతలయ్యాయి. పెళ్ళి వారం రోజుల్లోకి వచ్చింది. ఒకరోజు పొద్దున కెప్టెన్ ముద్ద మింగుడుపడని ముఖంతో బల్ల దగ్గర కూర్చున్నాడు.

"ఏం దొరా, గంజి బాగాలేదా?" అంది మా అత్తగారు, రై పిండి పిసుకుతూ.

"గంజి మంచిది. వార్త మంచిది కాదు. సేనాధిపతి కోట నుండి అడుగుచున్నాడు, సరిహద్దున కూర్చుండి ఇన్ని దినములు ఏమి చేసితివి అని. దాడి చేయవలెను. ఖైదీలు కావలెను, పశువులు కావలెను. గ్రామస్థులు పోనియెడల క్రూసె తన మనుష్యులతో పోవును."

క్రూసె గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. గడ్డివాములతో మొదలుపెట్టి ఇళ్ళతో ఆపే రకం వాడు. వాడు వెళ్ళాడంటే నా పుట్టిల్లు బూడిదే. నేను పాలచెంబు కింద పెట్టేశాను. అత్తగారు మాత్రం పిండి పిసకడం ఆపలేదు.

"ఖైదీలు ఎంతమంది కావాలి?"

"ఎందరైనను సరే. పాతికమంది యైతే సేనాధిపతి సంతోషించును."

"ఎద్దులో?"

"కొన్ని."

"ఆదివారానికి తెస్తే సరిపోతుందా?"

కెప్టెన్ తలెత్తి చూశాడు. "సరిపోవును."

"అయితే మా ఊరివాళ్ళే వెళతారు. మీ సార్జంటుగారిని విశ్రాంతి తీసుకోమనండి."

ఆవిడ చేతులు కడుక్కుని నన్ను వసారాలోకి లాక్కెళ్ళింది. "మీ నాన్న పెళ్ళికి ఎంతమందిని తెస్తానన్నాడే?"

"పాతికమంది దాకా, అత్తయ్యా."

"మరింకేం, సరిపోయారు."

ఆ మధ్యాహ్నమే నేనూ ట్రూల్సూ పుట్టగొడుగుల బుట్టలు పట్టుకుని అడవిలోకి వెళ్ళి, ఆ సందులోంచి అవతలికి దాటాం. మా నాన్న పెరట్లో పెళ్ళి హడావుడిలో ఉన్నాడు. కొత్త బూట్లకు కొవ్వు రాస్తున్నాడు. విషయం విని బూటు కింద పడేశాడు.

"ఖైదీలుగానా? నేనా? మగపెళ్ళివాడినిరా నేను. మేళంతో ఎదురొచ్చి, కాళ్ళకు నీళ్ళిచ్చి లోపలికి తీసుకెళ్ళాల్సింది పోయి, తాళ్ళతో కట్టి తీసుకెళతారా?"

"మేళం ఉంటుంది మామయ్యా, సైన్యం డప్పు" అన్నాడు ట్రూల్స్. "తుపాకులు కూడా పేలుస్తాం. గవర్నరుకు కూడా ఇంత మర్యాద జరగదు."

"ఎద్దులెందుకు మరి?"

"ఎలాగూ పెళ్ళి కానుకగా తెస్తానన్నారు కదా, నాన్నా" అన్నాను.

"తెస్తానన్నాను. దోచుకోమనలేదు."

మా అమ్మ గుమ్మంలోంచి, "వాళ్ళు మనల్ని నిజంగా దోచుకోవడం కంటే ఇది నయం కాదూ? బూటు తొడుక్కోండి" అంది. అమ్మ పెళ్ళికి రాదు. కొత్తకోడలు వచ్చేసరికి ఇల్లు సిద్ధం చెయ్యాలని ఉండిపోతుంది. పెళ్ళివారు బయల్దేరాక వాళ్ళ లెఫ్టినెంటు దగ్గరికి వెళ్ళి, శత్రువులు మా ఆయన్నీ కొడుకునీ ఎత్తుకుపోయారని ఏడవాల్సిన పని కూడా ఆవిడకే అప్పగించాం. "ఏడుపు రాకపోతే?" అంది. ఉల్లిపాయ దగ్గర పెట్టుకోమన్నాను.

హోకన్ మాత్రం ఒక్కటే అడిగాడు. "అక్కా, కార్నాకు ఇది సరేనా?"

"నిన్ను కట్టే తాడు తనే పేనుతోంది" అన్నాను. వాడి చెవులు ఎర్రబడ్డాయి.

ఆదివారం పొద్దున మావాళ్ళంతా తుపాకులూ, బల్లేలూ పట్టుకుని అరుచుకుంటూ అడవిలోకి వెళ్ళారు. కాసేపటికి ధనధన కాల్పులు వినిపించాయి. చెట్ల మీది కాకులన్నీ లేచిపోయాయి. ఆ తర్వాత డప్పు వాయించుకుంటూ తిరిగొచ్చారు, మధ్యలో మా నాన్నా, మా తమ్ముడూ, మా మేనత్తలూ, బాబాయిలూ, వెనక నాలుగు జతల ఎద్దులూ. చేతులకు తాళ్ళున్నాయి గానీ, ఆడవాళ్ళు జున్ను కుండలు పట్టుకోవాలి కాబట్టి వాళ్ళకు ఒక చెయ్యి వదిలేశారు. నాన్న కొత్త బూట్లు తళతళలాడుతున్నాయి.

కెప్టెన్ వాకిట్లో నిలబడి ఒక్కొక్కరినీ చూస్తూ నడిచాడు. అందరూ తలస్నానం చేసి, దువ్వుకుని, పండగ బట్టల్లో ఉన్నారు. హోకన్ టోపీకి కొత్త పట్టుదారపు కుచ్చు ఉంది. చివర్న ముసలి మేనమామ ముందు కెప్టెన్ ఆగాడు.

"ఇతని చంకలో ఏమున్నది?"

"పిడేలండీ" అన్నాడు మామ.

"యుద్ధమునకు పిడేలు తెచ్చితివా?"

మామ మా అత్తగారి వైపు చూశాడు. ఆవిడ ముందుకొచ్చింది. "అవతలివాళ్ళు అంతే దొరా. యుద్ధం రాదు వాళ్ళకు."

కెప్టెన్ ఆవిణ్ణి చూశాడు. తర్వాత మేడమెట్ల మీద నిలబడ్డ కార్నాను చూశాడు. దాని తలమీద చర్చివాళ్ళిచ్చిన వెండి కిరీటం ఉంది. ఆ కిరీటం మా ఊళ్ళో పెళ్ళికూతురికి తప్ప ఎవరికీ పెట్టరు. తనేమో ఖైదీలందరిలో ఒక్కణ్ణే చూస్తోంది.

"బెంగ్టా అమ్మా, లోపలికి రండి" అన్నాడు కెప్టెన్.

నేను కూడా వెంట వెళ్ళాను. నా మీద ఎవరికీ ధ్యాస లేదు. ఆయన బల్లకు ఆనుకుని నిలబడ్డాడు, మోకాలు నొప్పిగా ఉన్నట్టుంది.

"ఇది ఖైదు కాదు. ఇది వివాహము."

"రెండూ ఒకటేనంటారు మా మగవాళ్ళు" అంది ఆవిడ. ఆయన నవ్వలేదు. అప్పుడు ఆవిడ కూడా గొంతు మార్చింది. "దొరా, మీకు ఖైదీలు కావాలన్నారు, తెచ్చాం. ఎద్దులు కావాలన్నారు, తెచ్చాం. ఒక్క ఇల్లు కాలలేదు, ఒక్క మనిషికి దెబ్బ తగల్లేదు. ఇంతకంటే మంచి దాడి మీరెక్కడైనా చూశారా? మమ్మల్ని ఉరి తియ్యాలంటే తియ్యండి. కానీ ముందు పెళ్ళి కానివ్వండి. వంట అయిపోయింది."

కెప్టెన్ కిటికీ దగ్గరికి నడిచాడు. "నేను బాలుడనై యుండగా మా గ్రామమునకు సైనికులు వచ్చిరి" అన్నాడు. "అది నా అక్క వివాహ దినము. తరువాత ఆ గ్రామము లేదు. నలువది యేండ్లుగా నేను ఇతరుల గ్రామములందు తిరుగుచున్నాను. ఏ గ్రామమునందును నన్ను వివాహమునకు పిలువలేదు."

మా అత్తగారికి మాట తడబడటం నేను చూసింది ఆ ఒక్కసారే. ఒక్క క్షణమే తడబడింది. "ఇప్పుడు పిలుస్తున్నాను కదా" అంది. "కుడివైపు బల్ల, పాదిరిగారి పక్కన. ఆ మోకాలి కింద పెట్టుకోడానికి దిండు వేయిస్తాను."

అలా పెళ్ళి జరిగింది. పాదిరిగారు ఖైదీ చేతి తాడు విప్పించి, ఆ చేతిలో పెళ్ళికూతురి చెయ్యి పెట్టించారు. క్రూసె మనుషులకు పీపా బీరు ఇచ్చి కొట్టం దగ్గర కూర్చోబెట్టాం. మా నాన్న మొదట బిగుసుక్కూర్చున్నాడు గానీ, కెప్టెన్ లేచి, "ఖైదీల నాయకునికి" అని గ్లాసు ఎత్తేసరికి కరిగిపోయాడు. పొద్దు వాలుతుండగా కెప్టెన్ ఒక కాలు ఈడుస్తూ మా అత్తగారితో నాట్యం కూడా చేశాడు. చూడముచ్చటగా లేదు. కానీ ఇద్దరూ ఆపలేదు.

మర్నాడు పొద్దున తెలిసింది అసలు చిక్కు. బీరు తాగి పడుకున్నాడనుకున్న క్రూసె, తాగకుండానే కోటకు గుర్రపురౌతును పంపాడట, పాతికమంది ఖైదీలు పట్టుబడ్డారని. వాళ్ళను తీసుకెళ్ళడానికి రెండ్రోజుల్లో బండ్లు వస్తున్నాయి.

"ఆ బండ్లు వచ్చునప్పటికి ఖైదీలు ఇక్కడ ఉండరాదు" అన్నాడు కెప్టెన్. "వదిలివేసితిననిన నా తల పోవును. తప్పించుకొనిరనినను పోవును."

"మరి ఖైదీలు తల పోకుండా ఇల్లు చేరే దారే లేదా మీ యుద్ధంలో?" అంది అత్తగారు.

"ఒకటే యున్నది. మార్పిడి. శత్రువు చేతిలో మన మనుష్యులుండిన, ఒకనికి ఒకడు చొప్పున మార్చుకొనవచ్చును. అది గౌరవమైన పని. కాని వారియొద్ద మన మనుష్యులు ఎవరును లేరు."

అత్తగారు కార్నా వైపు చూసింది. "ఎలాగూ ఇవాళ అత్తారింటికి పంపాలి కదా దీన్ని. మేమూ వెంట వెళ్ళాల్సినవాళ్ళమే. పట్టుబడితే పోలా?"

కాబట్టి పెళ్ళికొడుకునూ, మగపెళ్ళివారినీ మా ఇంట్లో ఖైదులో పెట్టి, పెళ్ళికూతురితో కలిపి పాతికమంది ఆడపెళ్ళివాళ్ళం బయల్దేరాం. కార్నా సామాను పెట్టె బండిలో పెట్టి, వెన్న కుండా, చేపల పీపా పెట్టుకుని, పొదల సందులోంచి అవతలి ఒడ్డు చెట్ల అడ్డు దాకా వెళ్ళి నిలబడ్డాం. అక్కడ పహరా ఉండాలి. ఎవరూ లేరు.

"సైన్యం ఏదే?" అంది అత్తగారు.

"వస్తారు అత్తయ్యా. కాసేపు చూద్దాం."

చాలాసేపు చూశాం. ఎండ ఎక్కింది. అత్తగారు దగ్గింది. ట్రూల్స్ పాట పాడాడు. ఎవరూ మమ్మల్ని పట్టుకోలేదు.

"కొత్త పెళ్ళికూతుర్ని ఇలా దారిలో నిలబెట్టడం ఏం మర్యాదే? మీ ఊరివాళ్ళకు ఎదుర్కోలు చెయ్యడం ఎప్పుడూ చేతకాలేదు" అని ఆవిడ బండిలోంచి గంటె తీసి ఇత్తడి బాణలి మీద కొట్టడం మొదలుపెట్టింది.

అప్పుడొచ్చాడు లెఫ్టినెంటు బ్రాస్క్, మెడలో చేతిరుమాలుతో, వెనక ఆవలిస్తున్న సైనికులతో. నగరం నుంచి వచ్చిన కుర్రాడు. మీసం రావాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తోంది. ముందురోజు మా అమ్మ వచ్చి ఏడ్చిన దగ్గర్నుంచీ పగతో రగిలిపోతున్నాడు.

"కదలొద్దు. చేతులెత్తండి."

"ఎత్తితే ఈ వెన్న కుండ ఎవరు పట్టుకుంటారు బాబూ?" అంది అత్తగారు.

లెఫ్టినెంటు కుండ అందుకున్నాడు. మేం చేతులెత్తాం.

మమ్మల్ని ఎక్కడ పెట్టాలన్నది తేలలేదు. ఊళ్ళో ఖాళీగా ఉన్న ఇల్లు ఒక్కటే, మా నాన్నది. యజమానిని శత్రువులు ఎత్తుకుపోయారు కదా. లెఫ్టినెంటు మమ్మల్ని అక్కడికే తోలుకెళ్ళాడు. మా అమ్మ గుమ్మంలో రొట్టే ఉప్పూ పట్టుకుని నిలబడి ఉంది. కార్నాకు తినిపించి, బుగ్గలు నిమిరి, లోపలికి తీసుకెళ్ళింది.

"శత్రువులకు ఇంత మర్యాదా?" అన్నాడు బ్రాస్క్, కుండ పట్టుకునే.

"మా ఊళ్ళో అంతేనండి" అంది అమ్మ. "ఆ కుండ అక్కడ పెట్టి మీరూ కూర్చోండి. జున్ను పెట్టాను."

మా పుట్టింట్లో ఆ రోజంతా పెళ్ళి విందే జరిగింది, పెళ్ళికొడుకు మాత్రం లేడు. కార్నా మొహం వాడిపోయింది. "వదినా, రేపు ఏదైనా అడ్డం తిరిగితే?" అంది నాతో. ఏమీ కాదు అన్నాను గానీ నాకూ భయంగానే ఉంది. ఆటే గానీ, ఆ తుపాకుల్లో ఉన్నవి నిజం తూటాలు.

మర్నాడు మార్పిడి. కెప్టెన్ తెల్లగుడ్డతో కబురంపగానే బ్రాస్క్ ఎగిరి ఒప్పుకున్నాడు. వాగుకు ఇటు డప్పు, అటు డప్పు. కెప్టెన్ ఆ ఒడ్డున, లెఫ్టినెంటు ఈ ఒడ్డున. ఒక్కొక్కరినీ పిలిస్తే, అటునుంచి ఒకరూ ఇటునుంచి ఒకరూ నీళ్ళలోకి దిగి, మధ్యలో ఒకర్నొకరు దాటి, సొంత ఒడ్డుకు చేరాలి.

మొదట మా నాన్నా, మా అత్తగారూ. నడివాగులో ఇద్దరూ ఆగారు.

"ఏం అన్నయ్యగారూ, మా ఇంట్లో ఖైదు బాగుందా?" అంది ఆవిడ.

"బాగానే ఉంది చెల్లెమ్మా. బీరు కొంచెం పలచన."

"శత్రువులకు చిక్కటి బీరు ఎవరు పోస్తారు?"

"నాకు బదులు ఒక్క ఆడమనిషినా ఇచ్చేది? నేను నలుగురి పెట్టు" అని నాన్న లెఫ్టినెంటు వైపు కేక వేశాడు. "ఆవిణ్ణి మీరింకా ఎరగరు, రండి రండి" అని బ్రాస్క్ తొందరపెట్టాడు. ఒక్కరోజులోనే అత్తగారు వాడి సైనికుల చేత కట్టెలు కొట్టించి, చొక్కాలు ఉతికించింది మరి.

అలా అందరం మారాం. నేనూ ఇవతలికి వచ్చేశాను. చివరికి అక్కడ కార్నా, ఇక్కడ హోకన్ మిగిలారు. హోకన్ నీళ్ళలోకి దిగాడు. కార్నా దిగలేదు.

"వెళ్ళమ్మా, నువ్వు విడుదలయ్యావు" అన్నాడు బ్రాస్క్.

"నేను వెళ్ళనండి."

"భయపడకు. అక్కడున్నది మీవాళ్ళే."

"తెలుసండి. అయినా వెళ్ళను."

ఇవతల క్రూసె పరుగెత్తుకొచ్చి హోకన్ మెడపట్టి పట్టుకున్నాడు. "ఒకరికి ఒకరు. అది రాకపోతే వీణ్ణి వదలను" అని అరిచాడు. డప్పులు ఆగిపోయాయి. కార్నా పావడా ఎత్తి పట్టుకుని నీళ్ళలోకి దిగింది. హమ్మయ్య వస్తోంది అనుకున్నారు అందరూ. నేరుగా క్రూసె దగ్గరికి నడిచొచ్చి, వాడి వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి, హోకన్ చెయ్యి పట్టుకుని, వెనక్కి తిరిగి వాణ్ణి అవతలి ఒడ్డుకు తీసుకెళ్ళిపోయింది. ఆడపిల్ల అంత తిన్నగా నడిచొస్తే ఏం చెయ్యాలో క్రూసెకు ఎవరూ నేర్పలేదనుకుంటా.

"ఎవరు నీకు ఇతను?" అన్నాడు బ్రాస్క్.

"మా ఆయనండి."

"ఎప్పటి నుంచి?"

"ఆదివారం నుంచి."

"ఆదివారం ఇతను శత్రువుల ఖైదులో ఉన్నాడు."

"అవునండి. అక్కడే చేసుకున్నాం."

బ్రాస్క్ మెల్లగా మా అమ్మ వైపు తిరిగాడు, తర్వాత మా నాన్న బూట్ల వైపు చూశాడు, తర్వాత అవతల మామ చంకలో పిడేలు వైపు. ముఖం కందిపోయింది. చెయ్యి కత్తి మీదికి పోయింది. "ఇది రాజద్రోహం. అందరూ కలిసి నన్ను... అందర్నీ ఉరి తీయిస్తాను" అన్నాడు. గొంతు చీలింది. వాడి సైనికులు తుపాకులు ఎత్తారు. ఇవతలివాళ్ళూ ఎత్తారు. నేను ట్రూల్స్ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

కెప్టెన్ ఎక్‌హోఫ్ తుపాకీ కింద పెట్టి, ఆ వంగని కాలుతో, బూట్లతో సహా వాగులోకి దిగాడు. నడివాగు దాటి బ్రాస్క్ దగ్గరికి వెళ్ళి, జర్మన్‌లో నెమ్మదిగా మాట్లాడటం మొదలుపెట్టాడు. ఏమన్నాడో ఆ రోజు మాకు తెలియలేదు. తర్వాత ఆయనే చెప్పాడు. నాయనా, నీవు కోరిన ఉరితాళ్ళు నీకు దొరుకును, కాని ముందు నీ సేనాధిపతికి చెప్పవలెను, పెళ్ళికూతురి వెన్న కుండను నీవే మోసితివని. లేదా ఇట్లు చెప్పవచ్చును: పాతికమంది మన ప్రజలను శత్రువు చేతినుండి విడిపించితిని, పైగా శత్రువుల స్త్రీ ఒకతె మన రాజ్యమును ప్రేమించి తిరిగి పోననెను. దానికి నేనే సాక్ష్యము.

బ్రాస్క్‌కు ముందు భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని భయపడ్డాను. నవ్వుతున్నాడు. పసివాడు కదా, మొదలుపెట్టాక ఆపుకోలేకపోయాడు. అతన్ని చూసి సైనికులు, వాళ్ళను చూసి మేము. క్రూసె ఒక్కడే వేళ్ళు తడుముకుంటూ నిలబడ్డాడు.

"ఒక్క సంగతి" అన్నాడు బ్రాస్క్ కళ్ళు తుడుచుకుంటూ. "ఆ ఆదివారం విందులో నా వాటా ఏది?"

"జున్ను మూడుసార్లు పెట్టాను కదయ్యా" అంది మా అమ్మ.

కోట నుంచి వచ్చిన బండ్లు ఖాళీగా పోలేదు. గౌరవంగా మార్పిడి జరిగిందన్న వార్తా, దాడిలో దొరికిన ఎద్దుల్లో అన్నిటికంటే ముసలి జతా తీసుకెళ్ళాయి. రెండు సైన్యాల్లోనూ విజయం సాధించినట్టే చెప్పుకున్నారని విన్నాం.

చలికాలం వచ్చింది. మంచు పడక ముందే కెప్టెన్ దళాన్ని వేరేచోటికి పిలిచారు. వెళుతూ ఆయన మా అత్తగారికి ఏదో చెప్పబోయి, చెప్పకుండా గుర్రమెక్కాడు. ఆవిడ ఆ రోజంతా చిరాగ్గా ఉంది.

ఆ చలికి సముద్రమే గడ్డకట్టిందట. స్వీడన్ రాజు తన సైన్యాన్ని మంచు మీద నడిపించుకుంటూ డెన్మార్క్ గుండె మీదికి వెళ్ళాడు. మన రాజు మా సీమనంతా రాసిచ్చి రాజధానిని కాపాడుకున్నాడు. ఈస్టరు ముందు ఉపవాసాల రోజుల్లో పాదిరిగారు మళ్ళీ ఒక కాగితం విప్పి, ఇవాళ్టి నుంచి మనమంతా స్వీడన్ రాజు ప్రజలమని చదివారు. పక్క బెంచీలో ఒకాయన ఏడ్చాడు. ఇంకొకాయన, ఇక ఉప్పు ఎక్కణ్ణించి వస్తుందో అన్నాడు. ఈ ఉత్తర దేశాలన్నిటిలో ఇంతకాలం పెద్దవాళ్ళం అనుకున్నది మేము. ఇకనుంచి వాళ్ళు.

మా నాన్న ఆ మధ్యాహ్నమే ఏ అడ్డూ లేకుండా దారి మధ్యలో నడుచుకుంటూ వచ్చాడు. "ఏం చెల్లెమ్మా, ఇప్పుడు మీరూ మావాళ్ళయిపోయారు."

"మేం కాలేదు. మీ రాజు మావాడయ్యాడు" అంది అత్తగారు. "ఇక ఆయన తిప్పలు ఆయన పడాలి. కాళ్ళు కడుక్కుని రండి."

కొత్త సుంకాలు వచ్చాయి, కొత్త పాదిరి వచ్చాడు, ఆయన ప్రసంగం సగం మాకు అర్థంకాదు. పాత రాజును తలుచుకుని నిట్టూర్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అత్తగారు మాత్రం కార్నాను చూడటానికి ఎప్పుడు పడితే అప్పుడు వాగు దాటుతుంది. కార్నాకు పంటల కాలంలో ఆడపిల్ల పుట్టింది. బ్రాస్క్ ఎక్కడి నుంచో దానికి ఎర్రటి పట్టు టోపీ పంపాడు.

రాజ్యం మారిన ఆ వసంతంలోనే, మంచు కరిగి దారులు బురదగా ఉన్నప్పుడు, ఒక మనిషి గుర్రాన్ని నడిపించుకుంటూ మా వాకిట్లోకి వచ్చాడు. దళం చెదిరిపోయిందట. వెళ్ళడానికి ఊరేమీ లేదు.

"అమ్మా, మీ గృహమందు..." అని మొదలుపెట్టాడు కెప్టెన్.

"స్థలం ఉంది, పులుసు ఉంది" అంది మా అత్తగారు. "కానీ ఊరికే కూర్చుంటానంటే కుదరదు. తేనెపెట్టెలు చూసుకోవాలి."

తేనెటీగల గురించి ఆయనకేమీ తెలియదు. మొదటి ఏడాదంతా ముఖం వాచే తిరిగాడు. రెండో ఏడాది ఆవిణ్ణి పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు, వద్దంది. మూడో ఏడాది మళ్ళీ అడిగితే, ఇప్పుడైతే ముఖం చూడగలిగేలా ఉంది, సరేలే అంది.